దవాఖానా బోర్డు కంటే ముందు రిజిస్ట్రేషన్

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడాది దాతలు మా కమిటీని ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఒక్కటే. "గదులు తయారైనయి, డాక్టర్ సాబ్ ఒప్పుకున్నరు, బెంచీలు గూడ వచ్చినయి. ఇంకా దవాఖానా ఎందుకు తెరుస్తలేరు?" ముందు తెరవండి, కాగితాల సంగతి తర్వాత చూసుకుందాం అని కొందరు ప్రేమతోనే అన్నారు. వారి తొందరలో న్యాయం ఉంది. పొద్దంతా బీడీలు చుట్టే తల్లి దగ్గు వచ్చినా, ఆయాసం వచ్చినా డాక్టరు దగ్గరికి పోదు. ఆ రోజు కూలి పోతుందని భయం. ఆదిలాబాద్‌లో పెద్ద జబ్బు వస్తే హైదరాబాద్‌కో నాగ్‌పూర్‌కో పరుగెత్తాలి. దవాఖానా ఒక్క నెల ఆలస్యమైనా నష్టపోయేది ఇలాంటివాళ్లే. అందుకే జవాబు దాటవేయకుండా చెప్పాలి.

మొదటి మాట. మనది ధర్మ దవాఖానా, లాభం లేదు, మనకు రిజిస్ట్రేషన్ ఎందుకు అనే అభిప్రాయం చాలామందిలో ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో ప్రైవేటు వైద్య సంస్థల నమోదుకు 2002లోనే ఒక చట్టం వచ్చింది. ఇప్పుడు మన తెలంగాణలో 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం అమలులో ఉంది. ప్రభుత్వ దవాఖానా, ట్రస్టు, సొసైటీ, ఒకే డాక్టరు నడిపే చిన్న క్లినిక్, రక్త పరీక్షల ల్యాబ్, అన్నీ దీని కిందికే వస్తాయి. సైనిక దళాల ఆసుపత్రులకే మినహాయింపు. అల్లోపతికి మాత్రమే కాదు, యునానీ, ఆయుర్వేదం, హోమియోలకూ ఇది వర్తిస్తుంది. కాబట్టి మన హకీం సాబ్ కూర్చునే గది కూడా లెక్కలోకి వస్తుంది. ఫీజు తీసుకోకపోవడం మినహాయింపు కాదు.

నమోదు లేకుండా నడిపితే మొదటిసారి రూ.50 వేల వరకు, రెండోసారి రూ.2 లక్షల వరకు, ఆ తర్వాత రూ.5 లక్షల వరకు జరిమానా ఉంది. నమోదు లేదని తెలిసి అక్కడ పనిచేసిన ఉద్యోగికి కూడా రూ.25 వేల వరకు జరిమానా పడవచ్చు. అంటే మనల్ని నమ్మి వచ్చిన నర్సమ్మను, ల్యాబ్ టెక్నీషియన్‌ను కూడా మనం ఇరికించినట్టు అవుతుంది. ఆ జరిమానా కట్టేది ఎవరి సొమ్ముతో? మీరు అల్లాహ్ కోసం ఇచ్చిన సొమ్ముతోనే గదా! అది మనకు అప్పగించిన అమానత్. జరిమానాలకు ఖర్చు పెట్టే హక్కు మాకు లేదు.

రెండో మాట. ఈ పని భయపడాల్సినంత కష్టం కాదు. జిల్లా రిజిస్టరింగ్ అథారిటీకి కలెక్టర్ గారు అధ్యక్షులు, జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి కన్వీనర్. దరఖాస్తు సరిగ్గా అందితే, తనిఖీ లేకుండానే 10 రోజుల్లో తాత్కాలిక నమోదు ఇవ్వాలని చట్టం చెబుతోంది. అది ఏడాది పాటు చెల్లుతుంది. గడువు ముగియడానికి 30 రోజుల ముందే రెన్యువల్‌కు దరఖాస్తు చేయాలి. శాశ్వత నమోదు 5 ఏళ్లకు ఇస్తారు. దానికి ముందు మన వివరాలను 30 రోజులు ప్రజల ముందు పెడతారు. అభ్యంతరం ఉన్నవారు చెప్పవచ్చు.

మన ప్రాంతంవారు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటుంది. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయాయి. పాత కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల వచ్చాయి. పాత ఆదిలాబాద్ నుంచి నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్ వచ్చాయి. నమోదు ఏ చోటికి ఆ చోటికే. కరీంనగర్‌లో తీసుకున్న సర్టిఫికెట్ చూపించి నిర్మల్‌లో శాఖ తెరవలేం. అక్కడి జిల్లాలో విడిగా దరఖాస్తు పెట్టాలి.

మరి ఆలస్యం ఎక్కడ? ఆ ఒక్క సర్టిఫికెట్‌తో పని అయిపోదు, అందుకు. వాడిన సూదులు, రక్తం అంటిన దూది మున్సిపాలిటీ చెత్తబండిలో వేయకూడదు. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నియమాల ప్రకారం ఒక్క మంచం లేని క్లినిక్ కూడా కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తీసుకోవాలి. దూది, కట్టు గుడ్డలు పసుపు సంచిలో, ప్లాస్టిక్ గొట్టాలు ఎర్ర సంచిలో, సూదులు తెల్ల డబ్బాలో, గాజు సీసాలు నీలం డబ్బాలో వేయాలి. శుద్ధి చేయని వ్యర్థాలను 48 గంటలకు మించి ఉంచరాదు. తీసుకుపోయే సంస్థతో ఒప్పందం ఉండాలి. పొద్దున్నే చెత్త ఏరుకునే పిల్లవాడి చేతికి మన సూది గుచ్చుకుంటే, మనం చేసిన ఖైరాత్‌కు అర్థం ఏముంటుంది?

మందుల షాపు పెడితే ఔషధ నియంత్రణ శాఖ లైసెన్సు కావాలి. కనీసం 10 చదరపు మీటర్ల చోటు, రిజిస్టర్డ్ ఫార్మసిస్టు ఉండాలి. సర్టిఫికెట్ గోడకు తగిలించి మనిషి ఇంకెక్కడో ఉంటే కుదరదు. గర్భిణుల స్కానింగ్ మిషన్ ఇస్తామని ఒక దాత ముందుకొచ్చారు, అల్లాహ్ ఆయనకు మేలు చేయుగాక. కానీ 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద నమోదు లేని చోటికి ఆ మిషన్ అమ్మడమే నేరం. అందుకే ప్రస్తుతానికి వద్దన్నాం. ఇవేవీ ఫోటోలో కనబడే ఖర్చులు కావు. కానీ ఇవి లేకుండా తెరిస్తే రోగికి రక్షణ ఉండదు.

మూడో మాట రోగి హక్కు గురించి. నమోదైన దవాఖానా రేట్లను స్థానిక భాషలోను, ఇంగ్లిష్‌లోను అందరికీ కనిపించేలా పెట్టాలి. మనం ఉర్దూలో కూడా పెడదాం. ప్రాణాపాయంలో వచ్చినవారికి మన దగ్గరున్న సిబ్బందితో, సౌకర్యాలతో పరిస్థితి నిలకడకు వచ్చేదాకా చికిత్స చేయాలి. డబ్బు ఉన్నవాడికి తప్పు జరిగితే వకీలు దొరుకుతాడు. పేదవాడు ఉచితంగా వైద్యం తీసుకున్న చోట తప్పు జరిగితే నోరు తెరిచి అడగలేడు. వాళ్ల దయ మీద ఉన్నాను గదా అని తల వంచుకుంటాడు. ఆ మనిషి తరఫున అడిగేవాడు ఒకడు ఉండాలి. నమోదు ఉంటే అడిగే అధికారం ఒక అధికారికి ఉంటుంది. మంచి మనసుతో పెట్టిన దవాఖానాకు లెక్క అడిగేవాడంటే భయం ఎందుకు?

ఇక సొమ్ము సంగతి. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ ఫిఖ్‌లో జకాత్ అర్హుడైన మనిషికి సొంతం కావాలి. అందుకే ఫీజులు, డబ్బాలు, జీతాలు, గోడలు జకాత్ నుంచి వద్దని, మామూలు విరాళాల నుంచే పెట్టాలని కమిటీ ప్రతిపాదన. జకాత్ నేరుగా పేద రోగి మందులకు, పరీక్షలకు వెళ్లాలి. ఖాతాలు రెండూ వేరుగా ఉంటాయి. దీని వివరాలను ఉలమా పెద్దలే నిర్ణయించాలని కోరుతున్నాం.

గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలకు ఒక మాట. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు, అక్కడి సంస్థలు పంపితే మాత్రం వస్తుంది. దానికి విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి, ఢిల్లీ స్టేట్ బ్యాంకులో ప్రత్యేక ఖాతా ఉండాలి. కాబట్టి పంపే ముందు ఒక్క ఫోన్ చేయండి. ఇక్కడివారు పన్ను మినహాయింపు కోరితే రూ.2,000 దాటిన మొత్తం నగదుగా ఇవ్వవద్దు.

దవాఖానా తెరిచేదాకా పేదలు ఆగాలా? అక్కర్లేదు. మన వాలంటీర్లు కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రికి, ఆదిలాబాద్ రిమ్స్‌కు రోగుల వెంట వెళ్లవచ్చు. చదువురాని వారికి చీటీ రాయించి, సరైన గది చూపించినా అది సేవే. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో రూ.10 లక్షలకు పెరిగింది. అర్హత ఉండీ తెలియక అప్పు చేస్తున్న కుటుంబాలకు ఆ సంగతి చెప్పడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు.

చివరగా మిమ్మల్ని కోరేది రెండే. సర్టిఫికెట్ చేతికి వచ్చాకే ప్రారంభ తేదీ ప్రకటిద్దామనే తీర్మానానికి మద్దతివ్వండి. మీరు విరాళమిచ్చే ఏ దవాఖానాకు వెళ్లినా, మనదైనా సరే, మొదట గోడ మీద సర్టిఫికెట్ చూడండి, గడువు తేదీ చదవండి, సూదులు ఎక్కడికి పోతున్నాయో అడగండి. అలా అడిగే దాతను మేము అనుమానించేవాడిగా చూడం, అమానత్‌కు కాపలాదారుగానే చూస్తాం.

మీ దానాన్ని అల్లాహ్ స్వీకరించుగాక, రోగులకు షిఫా ప్రసాదించుగాక. ఆమీన్.