ఆగిన సహాయం, ఆగని వడ్డీ
(విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



'మీది హోల్డ్‌లో ఉంది.' కళాశాల కార్యాలయంలోనూ, బ్యాంకు కౌంటరు దగ్గరా, మైనారిటీ సంక్షేమ కార్యాలయం మెట్ల మీదా మన పిల్లలు తరచుగా వింటున్న మాట ఇది. ఎవరు ఆపారు, ఎందుకు ఆపారు, ఎంతకాలం ఆపుతారు అన్న ప్రశ్నలకు ఈ మాటలో జవాబు లేదు. ఆ జవాబును ఎలా రాబట్టాలో, ఆగినదాన్ని తిరిగి ఎలా కదిలించాలో చెప్పడమే ఈ ప్రసంగ ఉద్దేశం.

ముందుగా చిక్కుముడి ఎలా పడుతుందో చూద్దాం. బోధనా రుసుము ప్రభుత్వం నుండి సకాలంలో అందదు. యాజమాన్యం ఆ సొమ్మును విద్యార్థినే కట్టమంటుంది. కుటుంబం అప్పు చేస్తుంది, లేదా అప్పటికే తీసుకున్న విద్యా రుణంపై ఆధారపడుతుంది. బకాయి ఉన్నదని కళాశాల మార్కుల పత్రం ఇవ్వదు. మార్కుల పత్రం లేనిదే బ్యాంకు తదుపరి వాయిదా విడుదల చేయదు, ఎందుకంటే విద్యా రుణం ఒకేసారి చేతికి వచ్చేది కాదు. సెమిస్టరుకో, ఏడాదికో ఒకసారి, చదువు సాగుతున్నదన్న రుజువు చూసి కళాశాల ఖాతాకు పంపేది. ఇటు సహాయం ఆగింది, అటు రుణం ఆగింది. వడ్డీ మాత్రం ఆగలేదు. ఇందులో విద్యార్థి చేసిన తప్పు ఎక్కడ ఉన్నదో మాకు కనిపించదు. అయినా శిక్ష ఆ విద్యార్థికే. ఆడపిల్ల అయితే 'ఇక చదివింది చాలు' అనడానికి ఇంట్లో వాళ్లకు ఈ ఒక్క కారణం సరిపోతున్నది.

కనుక మొదటి పని, ఆపింది ఎవరో లిఖితపూర్వకంగా తెలుసుకోవడం. నోటి మాట మీద అప్పీలు ఉండదు. దరఖాస్తు రాసి, నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి. ప్రభుత్వ శాఖ గానీ, ప్రభుత్వ రంగ బ్యాంకు గానీ జవాబు ఇవ్వకుంటే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. ముప్పై రోజుల్లో సమాధానం ఇవ్వడం వారి బాధ్యత. ఈ మాట అందరూ ఎరిగిందే, ఆచరించేవారే తక్కువ.

మా దగ్గరకు వచ్చే కాగితాల్లో పదే పదే ఎదురయ్యే కారణం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. అది పేరు. పదవ తరగతి మెమోలో 'మహమ్మద్' పూర్తిగా ఉంటుంది. ఆధార్‌లో అది 'ఎం.డి.' అవుతుంది. బ్యాంకు పుస్తకంలో 'మొహద్' అని ఉంటుంది. కోస్తా జిల్లాల్లో ఇంటిపేరుగా వచ్చే 'షేక్' ఒకచోట ముందు, ఒకచోట వెనుక, ఇంకొకచోట 'ఎస్.కె.' అన్న రెండు అక్షరాలుగా మిగులుతుంది. అమ్మాయి పేరు చివర 'బేగం' ఒక పత్రంలో ఉండి మరొకదానిలో ఉండదు. మనిషికి ఇవన్నీ ఒకే పేరు. కంప్యూటరుకు నలుగురు మనుషులు. ఇలా సరిపోలని దరఖాస్తు వెనక్కి వస్తుంది, అది వెనక్కి వచ్చిందని ఎవరూ చెప్పరు, దిద్దుకునే గడువు దాటిపోతుంది. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో 'డిఫెక్టివ్' అని కనిపిస్తే అర్థం ఇదే: దరఖాస్తు తిరస్కరించలేదు, దిద్దమని తిప్పి పంపారు. వారానికి ఒకసారైనా చూసుకోండి.

దిద్దుబాటుకు ఒక క్రమం ఉన్నది. పదవ తరగతి మెమోను ఆధారంగా పెట్టుకొని మిగిలినవాటిని దానికి అనుగుణంగా మార్చుకోవాలి. మెమోను మార్చాలని బయలుదేరితే ఏళ్లు గడుస్తాయి. ఆధార్‌లో పేరు మార్పుకు సాధారణంగా రెండు సార్లే అవకాశం ఉంటుంది కాబట్టి తొందరపడి ఏ కేంద్రంలోనో తప్పుగా వేయించుకోకండి. పిల్లలు పదవ తరగతికి రాకముందే తల్లిదండ్రులు ఈ పని చూసుకోగలిగితే అంతకన్నా మేలు లేదు.

దీనికి తోబుట్టువు వంటిదే ఖాతా చిక్కు. నేరుగా ఖాతాకు వచ్చే సహాయం ఆధార్ చివరిసారిగా ఏ బ్యాంకుతో అనుసంధానమైందో ఆ ఖాతాకే వెళుతుంది. దరఖాస్తులో మీరు రాసిన ఖాతా అదే కానక్కరలేదు. విద్యా రుణం కోసం కొత్త బ్యాంకులో ఖాతా తెరిచి అక్కడ ఆధార్ అనుసంధానించిన విద్యార్థి, డబ్బు పాత ఖాతాలో పడలేదని నెలల తరబడి తిరుగుతుంటాడు. డబ్బు కొత్త ఖాతాలో ఉండవచ్చు. ఆ ఖాతా వాడకం లేక స్తంభించి ఉంటే తిరిగి వెళ్లిపోయి ఉండవచ్చు కూడా.

ఇక కళాశాలలు. విద్యార్థుల అసలు ధ్రువపత్రాలను తమ వద్ద ఉంచుకోరాదని యూజీసీ 2018 అక్టోబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. ఏఐసీటీఈ నిబంధనలూ అదే చెబుతున్నాయి. ప్రభుత్వం నుండి రావలసిన బకాయి యాజమాన్యానికీ ప్రభుత్వానికీ మధ్య వ్యవహారం. యాజమాన్యాల ఇబ్బంది నిజమైనదే, జీతాలు ఇవ్వలేకపోతున్న కళాశాలలు ఉన్నాయి. అయినా ఆ ఇబ్బందికి పదిహేడేళ్ల పిల్ల మెమోను జమానతుగా పట్టుకోవడం న్యాయం కాదు. ఫిర్యాదు విశ్వవిద్యాలయానికి, నకలు జిల్లా మైనారిటీ సంక్షేమ అధికారికి పంపాలి. ఒక్కరు కాకుండా, తరగతిలో బాధితులందరూ కలిసి సంతకాలు చేస్తే ఫలితం వేరుగా ఉంటుంది.

బ్యాంకు విషయం మరికొంత వివరంగా చెప్పుకోవాలి. 4 లక్షల వరకు విద్యా రుణానికి తాకట్టు అడగరాదని రిజర్వు బ్యాంకు ఆదేశం ఉన్నది. చదువు కాలంలోనూ, ఆ తరువాత ఏడాది వరకూ ఉండే మారటోరియంలో వాయిదా కట్టలేదని ఎగవేతదారు అనడానికి వీల్లేదు. చదువు అనుకున్న గడువులో పూర్తి కాకపోతే రెండేళ్ల వరకు పొడిగింపు, ఉద్యోగం లేని కాలానికి మళ్లీ మారటోరియం ఇవ్వవచ్చని బ్యాంకుల సంఘం రూపొందించిన నమూనా పథకంలోనే రాసి ఉన్నది. ఇవి అడిగితేనే ఇస్తారు, అది కూడా ముందుగా అడిగితే. వాయిదా తప్పి 90 రోజులు దాటితే ఖాతా మొండి బకాయి అవుతుంది. ఆ తరువాత ప్రతి తలుపూ బరువెక్కుతుంది. కనుక నోటీసు వచ్చిన ఇల్లు ఫోను కట్టేసి కూర్చోరాదు. మొదటి నెలలోనే కాగితం పెట్టాలి.

తండ్రి పేరు మీద ఉన్న ఆటో ఫైనాన్సు బకాయి చూపి బిడ్డ చదువు రుణాన్ని నిరాకరించడం మరొకటి. 2023 మే నెలలో కేరళ హైకోర్టు ముందుకు వచ్చిన వ్యవహారంలో పాత రుణాల కారణంగా విద్యార్థి సిబిల్ స్కోరే తగ్గి ఉన్నది. ఆ ఒక్క కారణంతో విద్యా రుణ దరఖాస్తును తిరస్కరించరాదని న్యాయస్థానం అన్నది, రుణం విడుదల చేయమన్నది. మన రెండు రాష్ట్రాల బ్యాంకులను అది నేరుగా కట్టివేయదు, అయినా దరఖాస్తులో ఉటంకించదగినది. స్కోరులో నమోదే తప్పయితే ఆ సంస్థకు ఫిర్యాదు చేయండి. ముప్పై రోజుల్లో సరిచేయకుంటే ఆ తరువాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నియమం 2024 నుండి అమలులో ఉన్నది. బ్యాంకు నెల రోజుల్లో స్పందించకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఖర్చు లేకుండా ఫిర్యాదు చేయవచ్చు.

వడ్డీ రుణం ధర్మసమ్మతమా అన్న ప్రశ్న మీలో చాలామంది మనసుల్లో ఉన్నది. ఫత్వా ఇవ్వడం మా పని కాదు. అయితే జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాల్లో అప్పుల్లో చిక్కుకున్నవారు ఒక వర్గమని తౌబా సూరా అరవయ్యో ఆయత్ ఎరిగిన మనం, రమజానులో బట్టలు, రేషన్ పంచుతూ, పరీక్ష ఫీజు కట్టే వారంలో ఒక విద్యార్థి చేతిలో ఖర్జె హసనా పెట్టలేకపోతున్నామెందుకు? మహల్లా బైతుల్‌మాల్ ఏడాదికి ఐదుగురు విద్యార్థుల ఖాతాలను 90 రోజుల గీత దాటకుండా కాపాడినా మేలే.

ఇంతవరకు మనం చేయగలిగినవి. మన చేతిలో లేనివీ ఉన్నాయి. విదేశీ విద్యా రుణాలపై మైనారిటీలకు వడ్డీ రాయితీ ఇచ్చిన 'పఢో పరదేశ్' పథకాన్ని కేంద్రం 2022-23 నుండి ఆపివేసింది. అదే ఏడాది మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను రద్దు చేసింది. 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి దేశంలో చదివేవారికి మాత్రమే, అదీ జాబితాలో ఉన్న ఉన్నత శ్రేణి సంస్థల్లో. జిల్లా కళాశాలల్లో చదివే మన పిల్లల్లో చాలామందికి అది అందని పండు. పైగా ఇతర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పొందేవారికి అందులో వడ్డీ రాయితీ వర్తించదు. తెలంగాణ విదేశీ విద్యా పథకంలో 20 లక్షల సహాయం రెండు విడతలుగా ఇస్తారు. విడత ఆలస్యమైతే అక్కడ అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్న విద్యార్థి ఫీజు గడువు ఆగదు, ఇక్కడ తండ్రి చేసిన అప్పు వడ్డీ ఆగదు.

అందుచేత రెండు రాష్ట్ర ప్రభుత్వాలనూ మేము అడుగుతున్నది ఒక్కటే. మంజూరు చేసిన సహాయం గడువు దాటి అందినప్పుడు, ఆ ఆలస్యం వల్ల విద్యార్థి విద్యా రుణంపై పడిన వడ్డీని ప్రభుత్వమే భరించాలి. రైతు రుణాల వడ్డీ భరించిన ప్రభుత్వాలకు ఇది తెలియని పద్ధతి కాదు. ఈ వినతిపత్రం నకళ్లు బల్ల మీద ఉన్నాయి. మంజూరు ఉత్తర్వు తేదీ, డబ్బు ఖాతాలో పడిన తేదీ, మధ్య కాలానికి బ్యాంకు వేసిన వడ్డీ, ఈ మూడూ దాని వెనుక పేజీలో నింపి, బ్యాంకు స్టేట్‌మెంటు జతచేసి, సంతకం పెట్టి ఇవ్వండి.