నొప్పి లేదని మాత్ర మానొద్దు

నూలు ధర గురించి, బకాయిల గురించి ఏటా మాట్లాడతాం. ఈసారి తెరుబలిలో మేము రక్తంలో కొవ్వు గురించి చెప్తాం. చదివింది ఎనిమిదే. డాక్టర్లను అడిగి తెలుసుకున్నదే చెప్తున్నాం.

మన సంఘంలో ఒక అన్నకు గుండెపోటు వచ్చి బతికాడు. కొలెస్టరాల్ మాత్ర రాసిచ్చారు. ఆరు నెలలు వేశాడు. నొప్పి లేదు, మళ్ళీ మగ్గం ఎక్కాడు, మాత్ర మానేశాడు. "తగ్గిపోయింది కదా, డబ్బు దండగ" అని మేమూ అన్నాం. ఆ మాట ఇప్పటికీ పొడుస్తుంది. మరుసటేడు ఒకనాడు పొద్దున్నే మూతి వంకరపోయింది, మాట తడబడింది. గాలి సోకిందని ఇంట్లోవాళ్ళు నూనె రాశారు. ఆసుపత్రికి చేరేసరికి సాయంత్రం. ఆ కుడిచెయ్యి మళ్ళీ నాడె ఆడించలేదు. ఇప్పుడు వదినమ్మ కండెలు చుడితేనే ఇల్లు గడుస్తుంది.

నూనె నీళ్ళలో కలవదు కదా, కొవ్వూ రక్తంలో కలవదు. అందుకని ఒళ్ళు దాన్ని ప్రోటీన్‌తో చుట్టి చిన్న చిన్న మూటలు కట్టి పంపుతుంది. లిపోప్రోటీన్ అంటే ఆ మూటే. అందులో ఎల్‌డిఎల్ అనేది ఎక్కువైతే రక్తనాళం గోడలోకి దూరి పేరుకుంటుంది. పడుగుకు పట్టిన గంజిలా ఉతికితే పోయేది కాదు. ఏళ్ళ తరబడి పేరుకున్నా నొప్పి తెలియదు. ఒకనాడు అక్కడ పగిలి రక్తం గడ్డకడుతుంది. గుండె దారి మూసుకుంటే గుండెపోటు, మెదడు దారి మూసుకుంటే పక్షవాతం. మెదడులో నరం చిట్లి వచ్చే పక్షవాతం వేరు, దానికి ముఖ్యంగా బీపీ కారణం.

"బక్కగా ఉన్నాం, చోడంబలి తాగుతాం, మాకెందుకొస్తుంది" అంటారు. పొద్దస్తమానం గుంటలో ఒకేచోట కూర్చునే పని మనది. తోడు బీడీ, ఖైనీ. కొందరికి పుట్టుకతోనే ఎల్‌డిఎల్ ఎక్కువ. తండ్రికి 55 లోపు, తల్లికి 65 లోపు గుండెజబ్బు వస్తే పిల్లలంతా రక్తం చూపించుకోవాలి, బక్కవాళ్ళైనా సరే.

ఎల్‌డిఎల్ మామూలువాళ్ళకు 100 లోపు ఉంటే మంచిది. గుండెపోటు వచ్చినవాళ్ళకు 70 కాదు, 55 లోపు ఉండాలంటున్నారు. ఇచ్చే మాత్రలు స్టాటిన్లు. 1973లో జపాన్‌లో అకిరా ఎండో అనే ఆయన బూజులోంచి ఈ జాతి మందు మొదట కనిపెట్టాడు. బూజులోంచి మందు! ఒళ్ళునొప్పులొస్తే డాక్టరుకు చెప్పండి, మార్చి ఇస్తారు. మీ అంతట మీరు ఆపొద్దు. ఒడిశాలో సర్కారు ఆసుపత్రుల్లో నిరామయ కింద మందులు ఉచితం. అటోర్వాస్టాటిన్ ఉందా అని అడగండి, మొహమాటం వద్దు.

మూతి వంకర, చెయ్యి వాలిపోవడం, మాట తేడా, ఈ మూడింట్లో ఏది కనిపించినా నూనె సీసా వెతక్కండి. 108కి ఫోన్ చెయ్యండి. గడ్డ కరిగించే ఇంజక్షన్ మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు, అదీ స్కాన్ తీసి చూశాకే. అందుకే టైమెంతయిందో గుర్తు పెట్టుకోండి.

మాకు ఏ నొప్పీ లేదు. మొన్న చూపిస్తే ఎల్‌డిఎల్ 162. మాత్ర వేస్తున్నాం. ఆ రిపోర్టు జేబులోనే ఉంది, చూడాలన్నవాళ్ళు టీ దగ్గరికి రండి.