దారి లేని చోట మాటకు దారి
(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



1950, 1960 దశకములలో ప్రభుత్వము మన పల్లెలలోని పంచాయతీలకు సామూహిక రేడియో సెట్లను సమకూర్చుచుండెను. సాయంకాలమున రైతులు రచ్చబండ చుట్టును కూర్చుండి వార్తలను, ధరవరలను, వ్యవసాయ కార్యక్రమములను వినుచుండిరి. ఆ సెట్టు మనకు చెప్పినదే గాని, మనము చెప్పినది ఎన్నడును వినలేదు. నేడు నేను ప్రస్తావింపబోవునది వినుటయు, పలుకుటయు రెండును తెలిసిన సెట్టు. అది ట్రాక్టరు మీదను, జీపులోను ఎక్కి, రోడ్డు లేని చోటికి మన వెంట వచ్చును.

"చేతిలో సెల్‌ఫోను ఉండగా ఇది యేల?" అని మీరడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనది. సెల్‌ఫోను పని చేయుచోట అదియే చాలును. అచ్చట వేరొక సెట్టు కొనుట పంచాయతీ ధనమును వ్యర్థము చేయుటయే. కాని సెల్‌ఫోను పని చేయని చోటులును, పని చేయని దినములును కలవు.

2022 జూలై 16వ తేదీన భద్రాచలము వద్ద గోదావరి 71.3 అడుగుల మట్టమునకు చేరినది. అచ్చట మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇయ్యబడును. 1986లో వరద 75.6 అడుగుల వరకు వచ్చియుండెను. అట్టి వరదలలో శబరి గోదావరిలో కలియు కూనవరము పరిసరములలోని పల్లెలకు రోడ్లు మునుగును, కరెంటు పోవును. కరెంటు పోయిన పిమ్మట సెల్ టవరు తన బాటరీయు, జనరేటరులోని డీజిలును ఉన్నంతవరకే పని చేయును. డీజిలు తీసికొనిపోవు దారియు నీటిలోనే ఉండును గదా! టవరు మూగవోయినచో చేతిలోని ఫోను గడియారముగ మాత్రమే మిగులును. ఇక పాడేరు, అరకు కొండలలో వరద లేకున్నను కొండ మాటున సిగ్నలు అందని గూడెములు కలవు. రోగిని డోలీలో రోడ్డు వరకు మోసికొని వచ్చినవారు, జీపు బయలుదేరినదో లేదో తెలియక చెట్టు క్రింద వేచియుండుట మీలో పలువురు చూచినదే.

ఈ విషయమున నా కన్నుల యెదుట జరిగిన ఒక సంగతి చెప్పెదను. ఒక వర్షకాలమున ప్రచార కార్యమునకై ఏజెన్సీలోని ఒక మండలమునకు పోయియుంటిని. వాగు అవతలి గూడెమునకు బియ్యపు బస్తాలు తీసికొనిపోవు ట్రాక్టరు మీద నేనును ఎక్కితిని. తిరుగు ప్రయాణమున నెలలు నిండిన ఒక గర్భిణిని ఆసుపత్రికి చేర్చుటకై ఎక్కించుకొంటిమి. మేము వచ్చునప్పటికి వాగు పొంగినది. ట్రాక్టరు మీద క్రొత్త వైర్‌లెస్ సెట్టు ఉన్నది. బాటరీ నిండుగ ఉన్నది. డ్రైవరు ప్రక్కనున్న యువకుడు పలుమార్లు పిలిచెను. ఎవరును పలుకలేదు. మరునాడు తెలిసినదేమనగా, కార్యాలయములోని రెండవ సెట్టు బీరువాలో భద్రముగ నున్నది. బీరువాకు తాళము ఉన్నది. తాళపు చెవి గుమాస్తా జేబులో ఉన్నది. గుమాస్తా సంతకు పోయియుండెను. ఆ తల్లి ఆ రాత్రి గూడెపు పాఠశాల వసారాలో ప్రసవించినది. ఒక ముసలమ్మ చేతి నేర్పు వలన తల్లియు బిడ్డయు క్షేమముగ నుండిరి. అది ఆమె గొప్పతనమే గాని, మన ఏర్పాటు గొప్పతనము కాదు.

నేను చెప్పదలచిన ముఖ్యాంశము ఇందులోనే కలదు. వైర్‌లెస్ సెట్టు ఒంటరి వస్తువు కాదు. మాటలాడువాడు సగము, వినువాడు సగము. కావున సెట్టు కొనుటకు ముందు మూడు ప్రశ్నలకు పంచాయతీ సమావేశములో సమాధానము వ్రాసికొనవలెను. ఎవరు ఎవరితో మాటలాడవలెను? వారి నడుమ దూరమెంత, నేల యెట్టిది? అవతల సెట్టు యొద్ద కూర్చుండువాడు ఎవడు, ఏ వేళలందు?

మొదటి ప్రశ్నకు సమాధానము దొరికిన పిమ్మట రెండవ దానికి రండు. దుకాణదారు "ఇది పది కిలోమీటర్లు అందును" అని చెప్పును. అది అబద్ధము కాకపోవచ్చును గాని, మీ ఊరికి నిజము కాకపోవచ్చును. ఈ సెట్ల తరంగములు దాదాపు తిన్నగ పోవును. భూమి గుండ్రదనము కొంత దూరమున వాటిని అడ్డగించును. కొండయు, దట్టమైన అడవియు అంతకు ముందే అడ్డగించును. ఇద్దరు మనుష్యులు చేతి సెట్లతో మైదానమున నిలిచినచో, ఏ అడ్డమును లేనియెడల, లెక్క ప్రకారము సుమారు 10 కిలోమీటర్ల వరకు అందవలెను. ఇండ్లు, తోపులు ఉన్నచోట అది రెండు మూడు కిలోమీటర్లకు, ఒక్కొక్కప్పుడు అంతకంటె తక్కువకు పడిపోవును. అదే కార్యాలయపు ఏరియల్‌ను 16 మీటర్ల ఎత్తున నిలిపి, ట్రాక్టరు ఏరియల్ నేలకు 2 మీటర్ల ఎత్తున ఉన్నచో, అడ్డములు లేని నేలపై లెక్కకు వచ్చు దూరము సుమారు 22 కిలోమీటర్లు. చూచితిరా! వాట్లు పెంచుటకంటె ఏరియల్ ఎత్తు పెంచుట మేలు. అయితే నడుమ కొండ యున్నచో ఈ లెక్క చెల్లదు. అందువలన కొనుటకు ముందు అరువు సెట్లతో మీ దారి వెంట పోయి, ఏ మలుపున మాట తెగుచున్నదో గుర్తించి, కాగితముపై వ్రాసికొనుడు. మాట తెగిన చోటికి సమీపమున ఎత్తైన దిబ్బ ఉన్నచో, అచ్చటికి పోయి మాటలాడవలెనని డ్రైవరుకు ముందే చెప్పియుంచుడు.

సెట్లలో సాధారణముగ రెండు తరగతులు కలవు. వి.హెచ్.ఎఫ్. అనబడునది 150 మెగాహెర్ట్జ్ ప్రాంతమున పని చేయును. పొలములు, చెట్లు గల బయలు ప్రదేశములకు ఇది అనుకూలము. యు.హెచ్.ఎఫ్. అనబడునది 450 మెగాహెర్ట్జ్ ప్రాంతమున పని చేయును. ఇండ్లు, గోడలు క్రిక్కిరిసిన చోట ఇది మెరుగు. రెండు సెట్లును ఒకే తరగతివి కానిచో ఒకటి పిలిచినది రెండవది వినజాలదు. నీటిలో తిరుగు బండికి ఐ.పి. 67 గుర్తు గల సెట్టు మంచిది. అది మీటరు లోతు నీటిలో అరగంట వరకు మునిగినను చెడకుండునట్లు పరీక్షింపబడినది.

ఇక చట్టము సంగతి. వైర్‌లెస్ సెట్టు టార్చిలైటు వంటిది కాదు. దానిని వాడుటకు కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యు.పి.సి. విభాగము నుండి లైసెన్సు పొందవలెను, మాటలాడు ఫ్రీక్వెన్సీని వారు కేటాయింపవలెను. కొన్ని చిన్న సెట్లకు మాత్రము మినహాయింపు కలదు. 26.957 నుండి 27.283 మెగాహెర్ట్జ్ వరకు గల సిటిజన్ బాండులో 5 వాట్లకు మించక, సెట్టులోనే ఏరియల్ గలవి అట్టివి. 2018 నియమముల వలన 446.0 నుండి 446.2 మెగాహెర్ట్జ్ నడుమ పని చేయు తక్కువ శక్తి సెట్లకును మినహాయింపు వచ్చినది. వీటికైనను పరికర ఆమోద పత్రము ఉండవలెను. బిల్లుతో పాటు దానిని అడిగి తీసికొనుడు. అనుమతి వివరములు చెప్పకుండ ఆన్‌లైనులో వాకీటాకీలు అమ్ముట పెరిగినందున, 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అట్టి అమ్మకములను అరికట్టుటకు మార్గదర్శక సూత్రములు వెలువరించినది. చౌకగ వచ్చినదని కొని, పోలీసు వారి ఫ్రీక్వెన్సీలో జొరబడినచో, సహాయమునకు కొన్న వస్తువే ఆటంకమగును. ఉపగ్రహ ఫోనును కూడ అనుమతి లేక వాడరాదు. చిన్న సెట్టు చాలని చోట, సెట్టు కొనుటకు ముందే తహసీలుదారు ద్వారా జిల్లా యంత్రాంగమును సంప్రదించి, లైసెన్సు గల ప్రభుత్వ ఏర్పాటులో చేరుట సాధ్యమగునేమో విచారింపుడు.

హైదరాబాదున జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ కలదు. చదువుకొన్న యువకులు, యువతులు కేంద్ర ప్రభుత్వపు పరీక్షలో ఉత్తీర్ణులై లైసెన్సు పొందినచో "హామ్" రేడియో నడుపవచ్చును. ఇది పంచాయతీ దైనందిన పనులకు ఉద్దేశింపబడినది కాదు. అయినను ఉపద్రవ కాలమున ఇట్టివారు ఒక్కరు ఊరిలో ఉన్నను గొప్ప అండ.

సెట్టు వచ్చిన పిమ్మట బండికి అమర్చుట కూడ శ్రద్ధతో చేయవలసిన పని. 25 వాట్ల సెట్టు మాటలాడునప్పుడు సుమారు 5, 6 ఆంపియర్ల కరెంటును లాగుకొనును. కావున సన్నని తీగ పనికిరాదు. బాటరీ నుండియే నేరుగ లావు తీగ వేసి, బాటరీకి సమీపముననే ఫ్యూజు పెట్టవలెను. ట్రాక్టరు, జీపు బాటరీలు సాధారణముగ 12 వోల్టులవి, పెద్ద లారీలవి 24 వోల్టులవి. చూడక కలిపినచో సెట్టు కాలిపోవును. ఎరుపు, నలుపు తీగలు తారుమారు కారాదు. ఏరియల్‌కు ఇనుప కప్పు నడిమి భాగము ఉత్తమ స్థానము. గుడ్డ కప్పు గల జీపునకును, ట్రాక్టరునకును ఆ సౌకర్యము లేదు గనుక బానెట్టు అంచునగాని, మడ్‌గార్డు మీదగాని గట్టి బ్రాకెట్టుతో బిగింపవలెను. 150 మెగాహెర్ట్జ్ సెట్టు యొక్క సాధారణ ఏరియల్ సుమారు అరమీటరు ఉండును. కొమ్మలకు తగులుచున్నదని దానిని కత్తిరింపరాదు. అడుగున స్ప్రింగు గల దానిని తీసికొనుడు. ఏరియల్ లేకుండ మాటలాడు మీట నొక్కినచో సెట్టు చెడవచ్చును. కార్యాలయపు ఏరియల్ స్తంభమును కరెంటు తీగలకు దూరముగ నిలిపి, పిడుగుపాటు నుండి రక్షణకు ఎర్తు చేయింపుడు.

వాడుక పద్ధతి సులభమైనదే గాని అభ్యాసము కావలెను. ముందు వినుడు, ఇతరులు మాటలాడుచుండగా నడుమ జొరబడవద్దు. మీట నొక్కి, ఒక క్షణము ఆగి, మైకును నోటికి నాలుగు వ్రేళ్ల దూరమున ఉంచి, నిదానముగ చెప్పుడు. నొక్కిన వెంటనే పలికినచో మొదటి మాట తెగిపోవును. అరచినంత మాత్రమున దూరము పెరుగదు, మాట చెడును. ముగించినప్పుడు "ఓవర్" అని మీట వదలుడు. వార్తను ఒకే క్రమమున చెప్పుట నేర్చుకొనుడు: మేము ఎవరము, ఎచ్చట ఉన్నాము, ఏమి జరిగినది, ఎందరము, ఏమి కావలెను. విన్నవాడు దానిని తిరిగి చదివి వినిపింపవలెను. "డెబ్బది యొకటి" అనుటకంటె "ఏడు, ఒకటి" అని విడివిడిగ పలుకుట మేలు. మీరు పలికినది అదే ఫ్రీక్వెన్సీలో ఉన్న ఎవరైనను వినగలరు. కావున రోగి పేరును, రోగమును విప్పి చెప్పవద్దు. డ్రైవరు బండి నడుపుచు మాటలాడరాదు, ఆ పని ప్రక్కవాడు చేయవలెను. మరియొక మాట: సెట్టు ఉన్నదను ధైర్యముతో లోతు తెలియని వాగులోనికి ట్రాక్టరును దింపరాదు. సెట్టు సహాయమును పిలువగలదు గాని చక్రములకు పట్టు ఇయ్యజాలదు.

ఇక మూడవ ప్రశ్న. అవతల వినువాడు ఎవడు? ఇద్దరి పేర్లు వ్రాయుడు. ఒకరు భోజనమునకు పోయినచో రెండవవారు ఉండవలెను. బండి బయటనున్నంత కాలము కార్యాలయపు సెట్టు వినుచునే ఉండవలెను. బాటరీ మిగుల్చుకొనవలసి వచ్చినచో, ప్రతి గంటకు మొదటి అయిదు నిమిషములు రెండు వైపులను సెట్లు తెరచి ఉండవలెనని ముందే ఒప్పందము చేసికొనుడు. వేళయు, వార్తయు వ్రాయుటకు ఒక నోటుబుక్కు, త్రాడుతో కట్టిన పెన్సిలు సెట్టు ప్రక్కన ఉంచుడు. కరెంటు పోయిన దినములకు బాటరీ చార్జి చేయు మార్గమును ట్రాక్టరు నుండియో, సౌర ఫలకము నుండియో ఏర్పరచుకొనుడు. జూన్ నెలకు ముందే బండిని మీ దారులలో త్రిప్పి పరీక్షింపుడు. ఏ సమాధానమును రాని పక్షమున ఎవరు కాలినడకన పోవలెనో కూడ నిర్ణయించి ఉంచుడు. ఫోను అందు చోటికి చేరినంతనే జిల్లా కంట్రోలు రూము 1077, అంబులెన్సు 108, అత్యవసర సేవ 112 అను సంఖ్యలు మరువవద్దు.

సభ్యులారా! రేపు మీ పంచాయతీలో సెట్టు కొను తీర్మానము వచ్చినచో, మొదటి వాక్యముగ ధరను వ్రాయవద్దు. "మన ట్రాక్టరు వాగు అవతల నుండి పిలిచినప్పుడు పలుకువారు ఫలానా ఇద్దరు" అని వ్రాయుడు. ఆ వాక్యము వ్రాయలేని పక్షమున సెట్టు కొనవద్దు. వ్రాయగలిగినచో, సామాన్యమైన సెట్టైనను మీ పల్లెకు అక్కరకు వచ్చును. బీరువా తాళపు చెవి మాత్రము సంతకు పోకుండ చూచుకొనుడు.

జై హింద్!