రేపటి పనికి ఒక చిన్న మాట



ఈ రోజు ఇంగ్లీషులో ఒక చిన్న మాట నేర్చుకుందాం. ఆ మాట 'విల్'. "తాత విల్లు రాశాడు" అంటాం కదా! ఆ విల్లు వీలునామా. ఇది అది కాదు. ఇది రేపు చేసే పనిని చెప్పే మాట.

ముందు మన తెలుగు చూద్దాం.

నేను రోజూ పొలం వెళ్తాను.
నేను రేపు పొలం వెళ్తాను.

రెండు చోట్లా 'వెళ్తాను' అనే అన్నాం. ఇంగ్లీషులో అలా కాదు. రోజూ వెళ్తే "ఐ గో" అంటారు. రేపు వెళ్తానంటే "ఐ విల్ గో" అంటారు.

ఎలా చెప్పాలి? ముందు మనిషి. తరువాత 'విల్'. ఆ తరువాత పని.

ఐ విల్ కమ్ - నేను వస్తాను.
యు విల్ కమ్ - నువ్వు వస్తావు.
షి విల్ కమ్ - ఆమె వస్తుంది.
దే విల్ కమ్ - వాళ్ళు వస్తారు.

చూశారా! తెలుగులో మాట చివర మారింది. ఇంగ్లీషులో 'విల్ కమ్' మారనే లేదు. ఒక్కటి నేర్చుకుంటే అందరికీ సరిపోతుంది.

కాదు అని చెప్పాలంటే 'నాట్' కలపాలి. "ది బస్ విల్ నాట్ కమ్" అంటే బస్సు రాదు. అడగాలంటే 'విల్' ముందుకు వస్తుంది. "విల్ ది డాక్టర్ కమ్?" అంటే డాక్టరుగారు వస్తారా?

ఈ మాట మనకెందుకు అంటారా? అప్పు కాగితం చూడండి. "ఐ పెయిడ్" అని ఉంటే డబ్బు కట్టేశాను అని. "ఐ విల్ పే" అని ఉంటే ఇక ముందు కడతాను అని. బాకీ మొత్తం తీర్చేశాక కూడా "విల్ పే" అన్న కాగితం మీద సంతకం పెడితే ఏమవుతుంది? తీరిన అప్పు మళ్ళీ మెడకు చుట్టుకుంటుంది.

'విల్'లో నాలుగు అక్షరాలు: డబ్ల్యు, ఐ, ఎల్, ఎల్. ఒప్పందం కాగితాల్లో 'షల్' అని కూడా రాస్తారు. అక్కడ దాని అర్థం, ఆ పని చేసి తీరాలి అని.

ఈ రెండు మాటల్లో ఏది కనబడినా ఆగండి. "నేను ఏం చేస్తానని రాశారు? ఎంత కట్టాలి? ఎప్పటిలోగా?" అని అడగండి. తెలిసినవాళ్ళతో చదివించుకోండి. సంతకం ఆ తరువాతే.

ఇంటి దగ్గర 'విల్'తో మూడు వాక్యాలు రాయండి. రేపు అందరం చదువుదాం.

ఐ విల్ కమ్. మరి మీరు?