అంబాసిడర్, స్టెప్నీ, మా ఆవిడ

కుదుదండ్‌లో మా ఇంటి ముందు పాత పెట్రోలు అంబాసిడర్ ఒకటి ఉంది. ఉత్తరపారా కర్మాగారంలో వీటి తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా చూసుకుంటే నడిచే బండి. కాంటాక్ట్ పాయింట్లు శుభ్రం చేసి, ఎడం సుమారు 0.4 మిల్లీమీటర్లు పెడితే చలికాలంలో కూడా ఒక్క సెల్ఫుకే లేస్తుంది. ముందు చక్రాల సస్పెన్షన్‌కు మాత్రం గ్రీజు కొడుతూ ఉండాలి.

పోయిన వానాకాలం జాకీ ఎత్తి, ముందు చక్రం ఊడదీశాను. మా ఆవిడ చూసి, "కింద స్టెప్నీ పెట్టారా?" అంది. "అయిదు నిమిషాల పనేగా" అన్నాను. వినలేదు. తనే దొర్లించుకొచ్చి ఫ్రేము కిందకు తోసింది.

నేను పక్కన పడుకుని, కుడిచెయ్యి భుజం దాకా లోపలికి పెట్టి ఉన్నాను. నానిన నేలలో జాకీ ఒరిగిపోయింది. బండి దబ్బున స్టెప్నీ మీద కూర్చుంది. చెయ్యి దక్కింది.

జాకీని నమ్మొద్దని యూనిట్‌లో ఎంతమంది కుర్రాళ్ళకు చెప్పానో! అక్కడ తప్పు చేస్తే అడిగేవాళ్ళుండేవారు. ఇంట్లో సుబేదారు గారిని అడిగేదెవరు?

ఇప్పుడు ఇనుప స్టాండ్లు కొన్నాను. జాకీ కింద మందపాటి చెక్క, వెనక చక్రాలకు రాళ్ళు. అన్నీ పెట్టానో లేదో ఆవిడ వచ్చి చూశాకే గ్రీజుగన్ పట్టుకుంటున్నాను.