మంచినీళ్ళలో ఇనుము ఎందుకు తుప్పు పడుతుంది? – బస్తర్ ఉదాహరణ
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉప్పునీళ్ళు ఇనుముని ఏం చేస్తాయో మన నేవీ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఇవాళ నేను మాట్లాడేది మంచినీళ్ళ గురించి. ఉప్పు లేదు కదా, పర్వాలేదులే అని మనం పట్టించుకోని నీళ్ళు. ఉదాహరణకి బస్తర్‌ని తీసుకుంటాను. మనవాళ్ళు అక్కడి క్యాంపుల్లో పనిచేశారు, చేస్తున్నారు. పైగా అక్కడి ఇనుప ఖనిజం దిగేది మన విశాఖపట్నంలోనే.

కిరందుల్, బచేలీల దగ్గర ఉన్నవి బైలాడిలా కొండలు. ఎద్దు మూపురంలా ఉంటాయని ఆ పేరు. 1968 నుంచి ఎన్.ఎం.డి.సి. అక్కడ తవ్వుతోంది. ఆ ఖనిజం పేరు హెమటైట్. అంటే ఇనుమూ ఆక్సిజనూ కలిసిన ఎర్రరాయి. మనం దాన్ని కొలిమిలో పెట్టి, ఆక్సిజన్‌ని ఊడదీసి ఇనుము చేసుకుంటున్నాం. ఆ ఇనుము సందు దొరికితే మళ్ళీ ఆక్సిజన్‌తో కలిసిపోదామని చూస్తుంది. తుప్పంటే అదే.

నీళ్ళే తుప్పు పట్టిస్తాయని మనలో చాలామంది అనుకుంటారు. స్కూల్లో చేసిన ప్రయోగం గుర్తుందా? నీళ్ళు బాగా మరిగించి, మేకు వేసి, పైన నూనె పోస్తే మేకు రోజుల తరబడి మెరుస్తూనే ఉంటుంది. మరిగినప్పుడు నీళ్ళలోని గాలి పోయింది, నూనె కొత్త గాలిని రానివ్వలేదు. మామూలు నీళ్ళలో 25 డిగ్రీల దగ్గర లీటరుకి సుమారు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉంటుంది. ఒక మిల్లీగ్రాము ఆక్సిజన్ 2.3 మిల్లీగ్రాముల ఇనుముని తుప్పుగా మార్చగలదు. వెయ్యి లీటర్ల నీళ్ళలో ఉన్న ఆక్సిజన్ అంతా ఖర్చయితే పోయేది 18 గ్రాముల పైచిలుకు ఇనుము. అంతేనా అంటారేమో! పైపంతటా సమానంగా పోతే నిజంగానే అంతే. కానీ అలా పోదు.

1920లలో కేంబ్రిడ్జ్‌లో యులిక్ ఎవాన్స్ అనే శాస్త్రవేత్త ఇనుప రేకు మీద ఒక్క ఉప్పునీటి చుక్క వేసి చూపించాడు. చుక్క అంచుల్లో గాలి బాగా తగులుతుంది, మధ్యలో తగలదు. ఎక్కువ తుప్పు పట్టాల్సింది అంచులు కదా? తినేసింది మాత్రం మధ్యభాగాన్ని! ఆక్సిజన్ తక్కువైన చోట ఇనుము కరుగుతుంది, ఎక్కువైన చోట ఆక్సిజన్ ఖర్చవుతుంది. పైపు లోపల మట్టి పేరుకున్నచోట, తుప్పు గడ్డ కట్టినచోట జరిగేది ఇదే. గడ్డ కింద గుంట పడుతుంది. పైపంతా గట్టిగా ఉంటుంది, ఒకచోట చిల్లు.

ఇంకో సంగతి. మూసిన లైనులో నిలిచిన నీళ్ళు, ఉన్న ఆక్సిజన్ అయిపోయాక చాలావరకు శాంతిస్తాయి. ఫైర్ లైన్ నీళ్ళు నల్లబడ్డాయని ఊరికే వదిలేసి కొత్తవి నింపితే, కొత్త ఆక్సిజన్‌ని మనమే పోసినట్టు. టెస్టింగ్ మానమని చెప్పడం లేదు, అది రూలు ప్రకారం చెయ్యాల్సిందే. నింపాక పైనున్న గాలి మాత్రం పూర్తిగా బయటికి వదలండి. బాయిలర్ కూడా ఇంతే. సగం నీళ్ళు, సగం గాలితో పడుకోబెట్టకండి. నిండా మందు కలిపిన నీళ్ళైనా ఉండాలి, పూర్తిగా ఆరబెట్టైనా ఉంచాలి.

జగదల్‌పూర్ వెళ్ళినవారు ఇంద్రావతి మీద చిత్రకోట్ జలపాతం చూసే ఉంటారు. 29 మీటర్ల ఎత్తు నుంచి పడి, తెల్లగా నురగలు కక్కుతూ నీళ్ళు గాలిని కలుపుకుంటాయి. కూలింగ్ టవర్‌లోనూ అదే పని జరుగుతుంది. జగదల్‌పూర్ దగ్గరే నగర్నార్ స్టీలు ప్లాంటు 2023లో మొదలైంది. అలాంటి ప్లాంటుల్లో టవర్ మీద నుంచి పడే నీళ్ళు ప్రతి చుట్టుకీ ఆక్సిజన్ నింపుకుని వస్తాయి. అందుకే ఆ నీళ్ళకి తుప్పు నివారించే మందులు కలుపుతారు. బాయిలర్‌కి వెళ్ళే నీళ్ళనైతే డీఎరేటర్‌లో ఆవిరితో మరిగించి, ఆక్సిజన్‌ని లీటరుకి 0.007 మిల్లీగ్రాములకి దించుతారు. మిగిలిందాన్ని సోడియం సల్ఫైటో, హైడ్రజీనో లాగేస్తుంది. హైడ్రజీన్ విషం, దాంతో జాగ్రత్త.

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది కిరందుల్ నుంచి విశాఖకి 267 కిలోమీటర్ల స్లర్రీ పైపులైను. ఎస్సార్ వేసింది, 2019 నుంచి ఆర్సెలర్ మిత్తల్ నిప్పన్ స్టీల్ చేతిలో ఉంది. మెత్తగా నూరిన ఖనిజాన్ని నీళ్ళలో కలిపి ఉక్కు పైపులో పంపుతారు. లోపల వెళ్ళే ఇనుముకి ఆక్సిజన్ ఆకలి లేదు, అది ముందే తిని కూర్చుంది. ఆకలంతా మోసే పైపుది! ఖనిజపు రేణువులు గీరుకుంటూ పోతుంటే, పైపుని కాస్త కాపాడే తుప్పుపొర నిలవదు, ఆక్సిజన్ నేరుగా లోహాన్ని తాకుతుంది. అందుకే ఇలాంటి పైపుల్లో సున్నం కలిపి క్షారగుణం పెంచుతారు, ఆక్సిజన్‌ని లాగేసే మందు వేస్తారు. మందు చాలకపోతే ముందు దెబ్బతినేది పంపు దాటాక వచ్చే తొలి భాగం. దూరం వెళ్ళేకొద్దీ ఆక్సిజన్ ఖర్చైపోతుంది. మందం కొలిచేవాళ్ళు మొదట చూడాల్సింది అక్కడే. 2009లో ఈ లైనుని మావోయిస్టులు పేల్చేశారు. ఏ పైపైనా ఇలా తెగి ఆగిందంటే లోపలికి గాలి చేరుతుంది. అతుకు వేసినంత మాత్రాన పని అయిపోయిందనుకోకూడదు.

చివరగా క్యాంపుల్లో ఉండే తమ్ముళ్ళకి. అక్కడి బోరు నీళ్ళు చాలాచోట్ల ఎర్రగా మారతాయి. పైపు తుప్పే అని పైపులు మార్చేస్తుంటారు. ముందు రెండు బకెట్లు పట్టి చూడండి. పొద్దున్నే మొదటి బకెట్టు ఎర్రగా వచ్చి, కాసేపటికి తేటపడితే అది పైపు తుప్పు. తేటగా వచ్చిన నీళ్ళు బకెట్లో గంటా రెండు గంటలకి ఎర్రబడితే, ఆ ఇనుము నేలలోది. భూమి లోపల ఆక్సిజన్ లేక కరిగి ఉన్నది, గాలి తగిలి బయటపడుతోంది. దానికి పైపు మార్చి లాభం లేదు. నీళ్ళని చిల్లుల పళ్ళెం మీద నుంచి జల్లులా పడనిచ్చి, ఇసుకలో వడకట్టండి, చాలావరకు దిగిపోతుంది.

సెలవు. జైహింద్.