కథ చూపిన త్రోవ: కాశి మజిలీలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కల్పిత కథ చదివినవానికి ఆ కథలోని ఊళ్ళను కన్నులార చూడవలెనను కోరిక పుట్టుట సహజము. ఆ కోరికను తీర్చుకొనబోవువాడు వెంట ఏమి తీసికొనిపోవలెను, అచ్చట ఏమి వెదకవలెను అనునదియే నేటి ప్రసంగ విషయము. ఇందులకు తెలుగువారికి చక్కని ఆధారము మధిర సుబ్బన్న దీక్షితులుగారి 'కాశీమజిలీ కథలు'. పండ్రెండు భాగముల ఈ గ్రంథమున మాంత్రికులు కలరు, గంధర్వులు కలరు, రూపములు మార్చు విద్యలు కలవు. ఇవియన్నియు కల్పనలే. కాని కథ నడచు త్రోవ మాత్రము కల్పన కాదు. అది దక్షిణ దేశమునుండి కాశికి కాలినడకన పోయిన వేలకొలది యాత్రికుల త్రోవ.

గ్రంథము యొక్క ఏర్పాటు అందరెరిగినదే. మణిసిద్ధుడను యతి కాశికి బయలుదేరును. తోడుగా ఒక గోపబాలుడు వచ్చును. ప్రతి మజిలీయందును తనకొక కథ చెప్పవలెననునది వాని ఒడంబడిక. మజిలీ చేరగానే బాలుడు ఊరు తిరిగి వచ్చును. తాను చూచిన వింతను గూర్చి యతిని ప్రశ్నించును. యతి మణి మహిమచే దాని పూర్వ వృత్తాంతము తెలిసికొని చెప్పును.

ఇందొక విశేషము గమనింపదగియున్నది. బాలుడు ముందు చూచుచున్నాడు, పిదప అడుగుచున్నాడు, ఆ పిదపనే వినుచున్నాడు. చూడనిదానిని గూర్చి వాడడుగడు. పండ్రెండు భాగముల కథాసముద్రమును కదలించినది పశువులు కాచుకొను పిల్లవాని కుతూహలమే. మణి యతి వద్ద ఉండవచ్చును. ప్రశ్న బాలునిది. యాత్రకు పోవువారు అలవరచుకొనవలసినది ఆ బాలుని పద్ధతి.

దీక్షితులుగారి గ్రంథమునకు ప్రక్కనే ఉంచదగిన పుస్తకము మరియొకటి కలదు. అది ఏనుగుల వీరాస్వామయ్యగారి 'కాశీయాత్ర చరిత్ర'. చెన్నపట్టణము సుప్రీముకోర్టులో దుబాసీగా పనిచేసిన వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన పరివారముతో బయలుదేరిరి. తిరుపతి, కడప, అహోబలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురము, జబ్బల్పూరు, ప్రయాగ మీదుగ కాశి చేరిరి. గయ, కలకత్తా, పురీ జగన్నాథము చూచుకొని, సముద్రతీరపు త్రోవను 1831 సెప్టెంబరు 3వ తేదీకి చెన్నపట్టణమునకు తిరిగివచ్చిరి. దారి పొడవునను మిత్రులకు వ్రాసిన సంగతులు 1838లో అచ్చయినవి. ఏ ఊర నీరు మంచిది, ఏ ఊర అంగళ్ళున్నవి, ఎచ్చట గుడారము వేయ చోటు దొరకును, ఏ వాగు కష్టము అను విషయములనే ఆయన ఓపికతో వ్రాసిరి. నల్లమల అడవిలో శ్రీశైలమునకు పోవు యాత్రికులనుండి కందనూరు నవాబు పన్ను వసూలు చేయుచుండిన సంగతియు అందు కలదు. నేడు దర్శి ప్రాంతమువారు మార్కాపురము, దోర్నాల మీదుగ బస్సులో కూర్చుండి ఘాటురోడ్డున కొండనెక్కుచున్నారు. ఆనాటి కష్టము ఆ పుస్తకము చదివినగాని తెలియదు.

ఒక పుస్తకము వింతను చెప్పును, మరియొకటి వాస్తవమును చెప్పును. 'కాశికి పోయినవాడు, కాటికి పోయినవాడు ఒకటే' అను సామెత పుట్టిన దేశమున ఇల్లు కదలలేని వృద్ధులకు, స్త్రీలకు మొదటి పుస్తకమే యాత్ర అయినది. చదువు రానివారు చదువగలవారిచేత చదివించుకొని వినిరి. కాని ప్రయాణమై పోవువానికి రెండవదియు కావలయును.

ఉజ్జయినిని తీసికొనుడు. కాశీమజిలీ కథల ఆధారముతో 1951లో వచ్చిన 'పాతాళభైరవి' చలనచిత్రమున తోటరాముని ఊరు అదియే. ఆ చిత్రమును తలచుకొని పోవువాడు గుహను, మాట్లాడు ప్రతిమను వెదకినచో నిరాశపడును. అచ్చట క్షిప్రానది ఉన్నది. ద్వాదశ జ్యోతిర్లింగములలో ఒకటియైన మహాకాళేశ్వరుడున్నాడు. విక్రమార్కుడు కొలిచెనని జనులు చెప్పు హరసిద్ధి ఆలయమున్నది. జయపురపు రాజు జయసింహుడు 18వ శతాబ్దమున కట్టించిన వేధశాల ఉన్నది. పూర్వపు జ్యోతిశ్శాస్త్రజ్ఞులు భూమధ్యరేఖకు నిలువుగా పోవు ప్రధాన రేఖను ఉజ్జయిని మీదుగనే లెక్కించిరి. మాంత్రికుని గుహకన్న ఇది తక్కువ వింత కాదు.

గులేబకావళి కథ మరియొక ఉదాహరణము. పారశీక భాషలోను, ఉర్దూలోను వెలసిన ఈ కథ తెలుగువారికి 1962 నాటి చలనచిత్రమువలన మరింత పరిచయమైనది. తండ్రి కన్నులకు చూపు తెచ్చు పుష్పమునకై రాకుమారుడు పోవుట అందలి కథ. మధ్యప్రదేశమున, నర్మద పుట్టిన అమరకంటకమున, 'మాయీ కీ బగియా' అను తోట కలదు. అందు అల్లపు జాతికి చెందిన, తెల్లని పరిమళపు పూలు పూయు మొక్కకు గులబకావలి అనియే పేరు. బిలాసపురమునకు ఆవలనున్న పెండ్రా రోడ్డు స్టేషనులో దిగి పోవచ్చును. ఆ పూల రసము కంటిజబ్బులకు మందని అచ్చటివారు చెప్పుదురు. ఇచ్చటనే జాగ్రత్త వలయును. పువ్వును చూడవచ్చును, వాసన చూడవచ్చును, కథను తలచుకొనవచ్చును. కన్ను మసకలైన పెద్దలను మాత్రము కంటివైద్యుని వద్దకే తీసికొనిపోవలెను. కథలో చూపు తెచ్చిన పుష్పము కథలోనిదే. ఈ భేదము తెలియనిచో చదువు మేలుకు బదులు కీడు చేయును.

అంత దూరము పోలేనివారు చింతింపనక్కరలేదు. నల్లమల కొండలలో, చంద్రశేఖరపురము దాపున, భైరవకోన ఉన్నది. పేరు వినగానే మాంత్రికులు, బలులు తలపునకు వచ్చును. పోయి చూచినచో జలపాతపు సవ్వడి నడుమ, రాతిని తొలిచి చేసిన ఎనిమిది శివాలయములు కనబడును. భైరవుడు ఆ క్షేత్రమునకు పాలకుడు. పేరులేని శిల్పుల ఉలి చేసిన పని ఎట్టిదో అచ్చట నిలిచినవారికి తెలియును. శ్రీశైలమునకు తూర్పు ద్వారమని పేరొందిన త్రిపురాంతకము ఇంకను సమీపము. గోపబాలుని కన్నులతో చూచినచో ఈ ప్రాంతమున ప్రతి ఊరును ఒక మజిలీయే.

నేడు ప్రతియేటను ఎందరో రైలు మీద, బస్సు మీద కాశి పోయి వచ్చుచున్నారు. గంగాజలపు చెంబులు, కాశీదారములు తెచ్చి పంచుచున్నారు. తాము చూచినది మాత్రము ఎవరును వ్రాసియుంచుట లేదు. వారితోనే ఆ యాత్ర ముగిసిపోవుచున్నది. వీరాస్వామయ్యగారు వ్రాసియుంచినందుననే దాదాపు రెండు వందల ఏండ్ల క్రిందటి త్రోవ నేటికిని కనబడుచున్నది.

కావున ఈ రజతోత్సవ సందర్భమున గ్రంథాలయము చేయదగిన పని రెండు విధములు. కాశీమజిలీ కథల భాగములన్నియు, కాశీయాత్ర చరిత్రయు ఒకే అరలో ప్రక్కప్రక్కన ఉంచవలెను. చినిగిన ప్రతులను కుట్టించవలెను. ఆ అరలోనే తెల్లకాగితముల పుస్తకమొకటి ఉంచి, యాత్రచేసి వచ్చిన ప్రతివారిచేతను ఒక పుట వ్రాయించవలెను. బస ఎచ్చట దొరికినది, ఖర్చెంతయైనది, ఎవరు మోసగించిరి, ఎవరు ఆదరించిరి, చూచిన వింత ఏది అనునవి చాలును. వ్రాయలేని ముదుసలి చెప్పగా బడిపిల్లవాడు వ్రాయవచ్చును. మార్కాపురపు పలక మీద ఓనమాలు దిద్దిన చేతులకు అది భారము కాదు.

మరి ఇరువదియైదేండ్లకు స్వర్ణోత్సవము వచ్చును. ఆనాటి పిల్లలు ఆ అర తెరచినప్పుడు దీక్షితులుగారి కథలు, వీరాస్వామయ్యగారి చరిత్ర మాత్రమేగాక, తమ తాతలు అవ్వలు నడచిన త్రోవయు వారికి దొరకవలెను.